గాడిద ఇంజిన్‌కి మళ్ళీ ఆవిరి: ఒక పాత బాయిలర్ కేసు

ఈ యంత్రం గురించి నాకు ముందుగా అందిన సమాచారం ఒక్క ముక్కే: "ఇంజిన్ తిరుగుతోంది, కాస్త ఆవిరి పడితే చాలు." పాత యంత్రాల పనిలో ఇన్నేళ్ళు ఉన్నాక, "కాస్త", "చాలు" అనే రెండు మాటలూ ఒకే చోట వినబడితే నాకు టెన్షన్ మొదలవుతుంది.

యంత్రం స్టీమ్ డాంకీ. అడవిలో కొట్టిన దుంగల్ని తాడు కట్టి లాగడానికి వాడిన ఆవిరి వించి. నిలువు బాయిలర్, దాని ముందు రెండు సిలిండర్లు, పళ్ళ చక్రాలు, రెండు తాడు డ్రమ్ములు, అన్నీ రెండు భారీ దుంగల మీద బోల్టులతో బిగించి ఉంటాయి. కింద బండి చక్రాలు లేవు. చోటు మారాలంటే తన తాడునే ముందున్న ఒక మోడుకి కట్టించుకుని తనని తాను ఈడ్చుకుంటూ పోతుంది. మా దగ్గరికి వచ్చినదాని సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) 9 ఇంచీలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 10 ఇంచీలు. పేరు పలక ఎప్పుడో ఊడిపోయింది. కొన్ని దశాబ్దాలు ఆరుబయట, ఆ తర్వాత షెడ్డులో ఉందన్నారు. యజమాని ఒక చిన్న మ్యూజియం, నడిపేది వాలంటీర్లు. వాళ్ళ కోరిక పెద్దదేం కాదు. వచ్చినవాళ్ళ ముందు ఒక్క దుంగని ఆవిరితో లాగి చూపించాలి.

డాంకీ పుట్టింది 1881లో, కాలిఫోర్నియాలోని యురేకాలో. జాన్ డోల్బీర్ అనే కలప వ్యాపారి తయారుచేశాడు, పేటెంటు 1882లో వచ్చింది. అంతకు ముందు ఈ పని ఎడ్ల జతలది. మొదటి డాంకీకి ఇప్పటిలా డ్రమ్ములు లేవు. తిరిగే ఒక కదురు మీద తాడు కొన్ని చుట్లు వేసి, కొసని ఒక మనిషి పట్టుకునేవాడు. లాగడం అయ్యాక ఆ తాడుని మళ్ళీ అడవిలోకి తీసుకెళ్ళడానికి ఒక గుర్రం ఉండేది. ఉక్కు తాడు, దానితో పాటు తాడుని వెనక్కి లాగే రెండో డ్రమ్మూ వచ్చాక గుర్రం పని పోయింది. ఓడల మీద పక్క పనులకి వాడే చిన్న ఆవిరి ఇంజిన్‌ని అప్పటికే డాంకీ అనేవారు, ఆ పేరే దీనికీ అంటుకుంది. గాడిద చాకిరీ అన్న మన మాట దీనికి అతికినట్టు సరిపోతుంది.

డాంకీని పరిశీలించేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. దాన్ని నడిపేవాడికి దుంగ కనబడేది కాదు. దుంగ ఎక్కడో చెట్ల మధ్య ఉండేది. అక్కడి నుంచి ఒక కుర్రాడు పొడవాటి తీగ లాగితే డాంకీ మీద కూత మోగేది. ఆ కూతల లెక్కని బట్టి లాగడం, ఆపడం, వెనక్కి వదలడం. దుంగ మోడుకి అడ్డం పడినా ఇక్కడివాడికి తెలిసేలోపు రెండు సిలిండర్ల బలమంతా తాడు మీద పడేది. తర్వాతి రోజుల్లో నూటయాభై అడుగులకు పైబడిన చెట్టుకి కొమ్మలు, తల నరికి, పైన కప్పీ కట్టి, దుంగ ముక్కు నేల నుంచి లేచేలా లాగారు. దాంతో అడ్డం పడటం తగ్గింది, వేగం మాత్రం పెరిగింది. అందుకే ఏ డాంకీని చూసినా పళ్ళ చక్రాల్లో, ఫ్రేములో, బేరింగుల్లో విరిగి అతికిన చోట్లు తప్పకుండా ఉంటాయి.

నేను పొరబడింది ఇక్కడే. ఆ అతుకుల మోజులో మొదటి రెండు రోజులు ఇంజిన్ మీదే గడిపేశాను. నిజానికి అది చూడముచ్చటగా ఉంది. పెద్ద పళ్ళ చక్రంలో ఒక పన్ను విరిగితే, అప్పటి మెకానిక్ చక్రం అంచులో వరసగా ఆరు రంధ్రాలు వేసి, మరలు కోసి, ఉక్కు స్టడ్లు బిగించాడు. ఆ ఆరింటినీ ఆకురాయితో అరగదీసి పన్ను ఆకారానికి తెచ్చాడు. దగ్గరగా చూస్తే స్టడ్ల మధ్య సందులు కనిపిస్తాయి. పక్క పళ్ళతో పోలిస్తే దీని అరుగుదల ఏమీ ఎక్కువ లేదు. లేత్ లేదు, వెల్డింగ్ లేదు, వానలో అడవి మధ్య కూర్చుని చేసిన పని అది. కొత్త చక్రం పోత పోయిద్దామని ఒకరు అడిగితే వద్దన్నాను. ఆ పన్ను ఇప్పటికీ అక్కడే ఉంది.

మూడో రోజు బాయిలర్ దగ్గరికి వెళ్ళాను.

బయట నుంచి చూస్తే పెళ్ళికొడుకులా ఉంది. వాలంటీర్లు నల్ల పెయింటు నున్నగా, పొర మీద పొర వేశారు. ధ్వని వెళ్ళి తిరిగొచ్చే సమయాన్ని బట్టి మందం చెప్పే అల్ట్రాసోనిక్ గేజ్‌తో బయటి రేకు మందం చూస్తే 9.9 మిల్లీమీటర్లు వచ్చింది. అసలు రేకు 3/8 ఇంచీ, అంటే 9.5. రేకు వయసుతో పాటు లావెక్కదు కదా. ధ్వని ఉక్కులో సెకనుకి దాదాపు 5,900 మీటర్ల వేగంతో పోతుంది, పెయింటులో సగం కన్నా తక్కువ వేగంతో. గేజ్ మాత్రం అంతా ఉక్కే అనుకుని లెక్క కడుతుంది. కాబట్టి పెయింటు పొర తన అసలు మందానికి రెండింతల పైచిలుకు చూపిస్తుంది. పెయింటు గీకి మళ్ళీ పెడితే 9.1. అది మంచి అంకే, కానీ ముందు వచ్చినదాన్ని నమ్మి రాసుకుని ఉంటే మిగతా రేకంతా కొత్తదేనని తేల్చేసేవాణ్ణి.

పెయింటు చేసిన ఇంకో మేలు స్టే బోల్టుల దగ్గర బయటపడింది. లోపల నిప్పు ఉండే పెట్టెకీ (ఫైర్‌బాక్స్) బయటి రేకుకీ మధ్య నీళ్ళుంటాయి. ఆ రెండు రేకుల్నీ ఒకదానికొకటి పట్టి ఉంచేవి స్టే బోల్టులు. ప్రతి బోల్టుకీ బయటి కొస నుంచి లోపలికి ఒక సన్నని రంధ్రం ఉంటుంది. బోల్టు విరిగితే ఆ రంధ్రంలోంచి ఆవిరి బుస్సుమని ముందే చెబుతుంది. మా వాలంటీర్లు శ్రద్ధగా ఆ రంధ్రాలన్నీ పెయింటుతో పూడ్చేశారు. వాళ్ళని తప్పుపట్టలేను, గుంట కనబడితే నింపడం మంచి పెయింటర్ లక్షణం. అన్నిటినీ మళ్ళీ డ్రిల్లుతో శుభ్రం చేయించాను.

అడుగున ఉన్న చేతి రంధ్రాల మూతలు తీస్తే గట్టిపడిన మట్టి. నిలువు బాయిలర్‌లో నీటి మడ్డి అంతా కిందికి దిగి, రెండు రేకుల మధ్య సందులో పేరుకుంటుంది. వాగు నీళ్ళు పోసి నడిపిన యంత్రం కాబట్టి ఇది ఊహించిందే. దాన్ని ఊడ్చి కడగడానికి ఒక పూట పట్టింది.

ఆ తర్వాత నిప్పు తలుపులోంచి తలా, భుజాలూ లోపలికి దూర్చి, వెల్లకిలా పడుకుని, లోపలి రేకు మీద సుద్దతో పది సెంటీమీటర్ల గళ్ళు గీసి కొలత మొదలుపెట్టాను. ఈ రేకు మొదట 5/16 ఇంచీ, అంటే 7.9 మిల్లీమీటర్లు. పైభాగంలో 7.6, 7.4, 7.5 వచ్చాయి. కింద నిప్పు కడ్డీల మట్టం దగ్గరికి వచ్చేసరికి 6.2, 6.0, 5.7. అది చుట్టూ ఒక అరచేయి వెడల్పు పట్టీ. ఆ పట్టీలోనే ఒక్క చోట 3.9.

ఆ 3.9 చూసి బయటికి వచ్చి కాసేపు కూర్చున్నాను. అది నిజమైతే ఈ కేసు అక్కడితో అయిపోయినట్టే. మళ్ళీ లోపలికి వెళ్ళి ప్రోబ్‌ని మిల్లీమీటరు మిల్లీమీటరు చొప్పున జరిపాను. తుప్పు తిన్న చోటు అయితే అంకె మెల్లగా దిగి, మెల్లగా ఎక్కాలి. ఇక్కడ 5.9 నుంచి ఒక్కసారిగా 3.9కి దూకి, వేలెడు దూరం పోయాక మళ్ళీ 5.8కి దూకింది. పాత ఉక్కులో రేకు చుట్టేటప్పుడే లోపల మలినం పొరగా ఇరుక్కుని ఉంటుంది. ధ్వని ఆ పొరకి తగిలి వెనక్కి వచ్చేస్తే గేజ్ దాన్నే అవతలి అంచు అనుకుంటుంది. అనుమానం తీరాలంటే కళ్ళతో చూడాలి. ఎటూ మార్చాల్సిన ఒక స్టే బోల్టు ఆ మచ్చ అంచులోనే ఉంది. దాన్ని డ్రిల్ చేసి తీశాక రంధ్రంలోంచి కొక్కెం కొలబద్ద పెట్టి చూస్తే రేకు మందం 5.8. రంధ్రం గోడలో, మధ్యకి కాస్త అవతలగా, వెంట్రుకంత సన్నని నల్ల గీత కూడా కనిపించింది. ఆ గీతే మా 3.9. పొర చిన్నది, రేకు ఉపరితలానికి సమాంతరంగా ఉంది, ఏ అంచుకీ తగలడం లేదు. ఇన్‌స్పెక్టర్ చూసి, రికార్డులో రాసి, అలాగే ఉండనిచ్చాడు.

మరి ఆ పట్టీ అంతా 5.7 దాకా ఎందుకు అరిగింది? ముందు నేను అనుకున్నది మడ్డి వల్ల నీటివైపు నుంచి తిన్నదని. కానీ బోల్టు తీసిన రంధ్రంలోంచి చూస్తే నీటివైపు అక్కడక్కడా పొక్కులే తప్ప పెద్ద నష్టం లేదు. పోయిందంతా నిప్పువైపు. చివరిసారి మంట ఆర్పినవాళ్ళు బూడిద ఎత్తలేదు. పొగగొట్టానికి మూత లేదు. కట్టె బూడిదలో ఉప్పులు గాలిలోని తేమని పీల్చుకుంటాయి. దానికి తోడు ప్రతి వానా గొట్టంలోంచి సూటిగా వచ్చి ఆ బూడిదలో ఇంకింది. తడిబట్ట చుట్టినట్టు ఏళ్ళ తరబడి రేకుని పట్టుకుని ఉంది. అడవిలో పగలంతా మండి, దుంగలు ఈడ్చి, వాగు నీళ్ళు తాగిన కాలంలో ఈ బాయిలర్‌కి పోయింది అర మిల్లీమీటరు కూడా లేదు. మిగతాదంతా ఖాళీగా కూర్చున్న ఏళ్ళలో పోయింది.

నివేదికలో 28 శాతం అరుగుదల అని రాస్తే మ్యూజియం పెద్దాయన కాస్త ఊరట పడ్డారు. "డెబ్బై రెండు శాతం ఉంది కదండీ, సేఫ్టీ వాల్వ్ మీద 150 అని ఉంది, ఓ 110 దగ్గర నడుపుకుందాం" అన్నారు. ఈ లెక్క చాలామంది వేస్తారు. గుండ్రటి బయటి రేకుకైతే దాదాపు సరిపోతుంది, అక్కడ బలం మందంతో పాటే తగ్గుతుంది. స్టే బోల్టుల మధ్య ఉన్న రేకు అలా కాదు. అది బల్లలా వంగుతుంది, దాని బలం మందానికి వర్గంగా మారుతుంది. పాత అమెరికన్ బాయిలర్ కోడ్ సూత్రం సులువైనది. మందాన్ని ఇంచీలో పదహారో వంతుల్లో తీసుకుని, వర్గం చేసి, 112తో గుణించి, బోల్టుల మధ్య దూరం వర్గంతో భాగించాలి. ఇక్కడ దూరం 4.5 ఇంచీలు. కొత్త రేకుకి మందం 5, వర్గం 25, జవాబు చదరపు ఇంచీకి 138 పౌండ్లు. ఇప్పటి 5.7 మిల్లీమీటర్లంటే పదహారో వంతుల్లో 3.6 లోపే. జవాబు 71. మందం పావు వంతు పైచిలుకు పోతే ప్రెజర్ సగానికి పడింది. పైగా వాల్వ్ మీదున్న 150 ఈ సూత్రం ప్రకారం కొత్త రేకుకి కూడా ఎక్కువే.

ఆయన ముఖం వాడిపోయింది. అప్పుడు కాగితం మీద ఇంకో లెక్క వేసి చూపించాను. సిలిండర్లలో సగటున 50 పౌండ్ల ఒత్తిడే ఉందనుకుందాం. పిస్టన్ వైశాల్యం 63.6 చదరపు ఇంచీలు, రెండు సిలిండర్లు, రెండు వైపులా తోపు. మా యంత్రంలో పళ్ళ చక్రాల నిష్పత్తి ఆరుకి ఒకటి, తాడు చుట్టిన డ్రమ్ము వ్యాసం 20 ఇంచీలు. తాడు మీద లాగుడు 12,000 పౌండ్లు వస్తుంది, అంటే 5 టన్నులకి పైనే. పళ్ళలో, బేరింగుల్లో మూడో వంతు పోయిందనుకున్నా మూడున్నర టన్నులు మిగులుతుంది. మనం లాగి చూపించబోయే దుంగ బరువు ఒక టన్ను. 150 పౌండ్లు కావలసింది కొండ మీద నుంచి ఏనుగంత దుంగల్ని గంటల లెక్కన లాగినవాళ్ళకి. మనకి దాంతో ఏం పని?

కొత్త ఫైర్‌బాక్స్ వేయించడం ఒక దారి. కానీ అప్పుడు పాత రివెట్లు, పాత రేకు పోయి, మ్యూజియంలో మిగిలేది పాత ఇంజిన్‌కి తగిలించిన కొత్త బాయిలర్. ఇంకో దారి బాయిలర్‌ని ముట్టుకోకుండా కంప్రెసర్ గాలితో ఇంజిన్ తిప్పడం. దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు. నేను మాత్రం నిప్పు పెట్టే ముందు ఎప్పుడూ గాలితోనే తిప్పి చూస్తాను. సిలిండర్ ఆయిల్ చల్లగాలికి సరిగా పరుచుకోదు కాబట్టి పలచని నూనె వేయాలి, అంతే. చివరికి మేం ఎంచుకున్నది రేకుని అలాగే ఉంచి, పాడైన 11 స్టే బోల్టులు మార్చి, 60 పౌండ్లకి దించి నడపడం. సూత్రం 71 ఇచ్చినా 60 ఎందుకంటే, సుద్ద గళ్ళలో నేను ముట్టని పొక్కు ఎక్కడో ఒకటి ఉంటుంది.

ప్రెజర్ దించడం అంటే వాల్వ్ స్ప్రింగు వదులు చేయడమే అనుకుంటారు. అది ప్రమాదం. బాయిలర్‌లో పుట్టే ఆవిరి కట్టెలు ఎన్ని వేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. మనం కాగితం మీద రాసుకున్న ప్రెజర్‌ని అది పట్టించుకోదు. వాల్వ్ లోంచి బయటికి పోగలిగే ఆవిరి మాత్రం ప్రెజర్‌ని బట్టి ఉంటుంది. వాతావరణ పీడనం 15 పౌండ్లు కలిపి చూస్తే 165 దగ్గర పోయేదాంతో పోలిస్తే 75 దగ్గర పోయేది 45 శాతమే. అంటే పాత వాల్వ్‌నే తక్కువకి సెట్ చేస్తే, పూర్తిగా తెరుచుకున్నా ప్రెజర్ ఎక్కుతూనే ఉండొచ్చు. మా పాత వాల్వ్ ఎటూ బిగుసుకుపోయి ఉంది. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టించి, సర్టిఫై చేసిన కొత్తవి రెండు వేశాం.

బాయిలర్ నిలువు అతుకు గురించి కూడా చెప్పాలి. 1905 మార్చి 20న మాసచుసెట్స్‌లోని బ్రాక్‌టన్‌లో ఒక చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది పోయారు. రేకు మీద రేకు వేసి రివెట్లు కొట్టిన అతుకు కింద, కంటికి కనబడని పగులు దానికి కారణం. ఆ ప్రమాదం తర్వాతే మాసచుసెట్స్ కఠినమైన బాయిలర్ నియమాలు తెచ్చింది. అలాంటి అతుకున్న బాయిలర్ వస్తే నేను చాలాసార్లు వద్దనే చెబుతాను. అదృష్టం కొద్దీ దీనికి అంచులు ఎదురెదురుగా పెట్టి, పైనా కిందా పట్టీలు వేసిన అతుకు ఉంది.

ఫ్యూజిబుల్ ప్లగ్గు తీసినప్పుడు మాత్రం ఒళ్ళు జలదరించింది. దాని నడుమ తగరం ఉండాలి. నీళ్ళు మరీ తగ్గితే 232 డిగ్రీల దగ్గర తగరం కరిగి, ఆవిరి బయటికి చిమ్మి హెచ్చరిస్తుంది. మా దాంట్లో ఎవరో మామూలు ఇత్తడి బిరడా బిగించారు. బహుశా ఒకసారి తగరం కరిగి పని ఆగిపోయి ఉంటుంది. 2001లో ఒహాయోలోని మెడీనాలో పాత ఆవిరి ట్రాక్టర్ ఒకటి ప్రదర్శన మైదానంలో పేలి ఐదుగురు చనిపోయారు. నీళ్ళు తగ్గడం, నిప్పు మీదున్న రేకు బలహీనంగా ఉండటం రెండూ కలిశాయి. ఆ సంగతి చెప్పాక బిరడా మార్చడానికి ఎవరూ మారు మాట్లాడలేదు.

హైడ్రో టెస్టు, అంటే నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష, 75 పౌండ్లకి చేశాం, అంటే నడిపే ప్రెజర్‌కి ఒకటింపావు రెట్లు. గోరువెచ్చని నీళ్ళు, లోపల గాలి బుడగ లేకుండా నింపి. వేడి పొగ పైకి పోయే గొట్టాల్ని, అంటే ట్యూబుల్ని, బిగించిన కింది ప్లేటు దగ్గర రెండు ట్యూబులు చెమర్చాయి. రోలర్‌తో కాస్త వ్యాకోచింపజేస్తే ఆగాయి. మేం బాగుందని వదిలేసిన ఒక స్టే బోల్టు రంధ్రంలోంచి చుక్క కారింది. పెయింటు తీయించి ఉండకపోతే అది కనబడేదే కాదు. అలా 11 కాస్తా 12 అయ్యాయి.

మొదటి నిప్పు పెట్టిన రోజు 60 పౌండ్లు ఎక్కడానికి ఐదు గంటలు తీసుకున్నాం. నిలువు బాయిలర్‌లో ట్యూబుల పైకొసలు నీటి మట్టానికి పైన ఉంటాయి, వాటిని చల్లబరచడానికి నీళ్ళుండవు. తొందరపడి మండిస్తే ముందు కాలేవి అవే. ఇంజిన్ మెత్తగా తిరిగింది. డ్రమ్ము మాత్రం దుంగని కదపకుండా జారిపోయింది.

అది పూర్తిగా నా తప్పు. ఈ డ్రమ్ముని తిప్పే క్లచ్‌లో కలప దిమ్మెలు ఉంటాయి. లివరు వేస్తే డ్రమ్ము పక్కకి జరిగి వాటికి ఒరుసుకుని పట్టుకుంటుంది. గాలితో తిప్పిన రోజు నేను షాఫ్టుకి దిట్టంగా నూనె పోశాను. అది మెల్లగా పాకి దిమ్మెల్లోకి ఇంకింది. ఆవిరి దించి, డ్రమ్ము జరిపి, నూనె పీల్చిన పైపొరని చిత్రిక పట్టి, మిగిలినదాన్ని సుద్దపొడి అద్ది లాగడానికి రెండు రోజులు పోయాయి. అప్పటి ఆపరేటర్లు షాఫ్టుకి గ్రీజు ఎందుకంత పిసినారిగా పెట్టేవారో అప్పుడు అర్థమైంది.

రెండోసారి దుంగ కదిలింది. తాడు బిగుసుకునేటప్పుడు దాని వంపు లోపలివైపు ఎవరూ ఉండకూడదని ముందే తాళ్ళు కట్టి జనాన్ని బయట ఉంచాం. కప్పీ ఊడితే తాడు దూసుకెళ్ళేది ఆ వంపులోంచే. గేజ్ 52 చూపిస్తుండగా దుంగ నలభై అడుగులు వచ్చింది. పెద్దాయన కూత తీగ ఒకసారి లాగబోయి, సంకేతాల లెక్క గుర్తొచ్చి నన్ను అడిగి మరీ లాగారు.

ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు నడుపుతున్నారు. లోపలి రేకు మీద నలభై చోట్ల పంచ్‌తో చుక్కలు కొట్టి అంకెలు వేశాం. ప్రతి ఏడూ అదే చుక్క మీద అదే గేజ్. పదిహేడో చుక్క మొదట 5.7, పోయినసారి కూడా 5.7. నడిపిన మర్నాడు బూడిద ఎత్తి, లోపల ఆరనిచ్చి, నిచ్చెన వేసుకుని పొగగొట్టం మీద ఒక రేకు డబ్బా బోర్లిస్తారు. ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా చవకైన సామాను అదే.